థైమస్ కుంచించుకుపోయింది, ప్లీహం నిండుగానే ఉంది: వయసు, రోగనిరోధక కణాలపై ఒక ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

వయసు పైబడిన శరీరంలో రోగనిరోధక కణాలు ఎలా పుడుతున్నాయి, పుట్టినవి ఎలా పనిచేస్తున్నాయి అన్న రెండు ప్రశ్నలను విడివిడిగా అడగడం ఈ ప్రాజెక్టు ఉద్దేశం. పెద్ద వయసులో న్యుమోనియా, ఫ్లూ, జనం అక్కి అని పిలిచే హెర్పిస్ జోస్టర్ వంటివి ఎక్కువగా బాధిస్తాయనీ, టీకాలకు స్పందన మందగిస్తుందనీ వైద్యులకు చాలాకాలంగా తెలుసు. దీనికంతటికీ ‘రోగనిరోధక శక్తి తగ్గింది’ అని ఒక్క మాటలో కారణం చెప్పేయడం వాడుకైపోయింది. ఆ మాట నాకు చాలదు. తగ్గింది ఏది? కణాల సంఖ్యా, వివిధ రకాల కణాల మధ్య ఉండవలసిన పాళ్లా, లేక ఒక్కొక్క కణం చేయవలసిన పనా? ఈ మూడింటినీ ఒకే జంతువులో, ఒకే రోజున, ఒకే పద్ధతిలో కొలిస్తే తప్ప జవాబు దగ్గరకు వెళ్లలేమని మా గైడ్ గారితో మాట్లాడాక ప్రణాళిక ఖాయం చేసుకున్నాను.

ప్రయోగానికి ఎంచుకున్నవి సి57బ్లాక్6 జాతి చిట్టెలుకలు. రెండు మూడు నెలల యువ జట్టు, ఏడాది వయసు గల మధ్య జట్టు, 22 నుంచి 24 నెలల వృద్ధ జట్టు అని మూడు జట్లు. 18 నుంచి 24 నెలల చిట్టెలుకను 56 నుంచి 69 ఏళ్ల మనిషితో పోల్చడం ఈ రంగంలో వాడుక. మూడు జట్లలోనూ ఆడ, మగ సమానంగా ఉండేలా చూసుకున్నాను, ఎందుకంటే లైంగిక హార్మోన్లు థైమస్ (టి కణాలనే రోగనిరోధక కణాలు తయారయ్యే ఛాతీలోని అవయవం) పరిమాణాన్ని నేరుగా ప్రభావితం చేస్తాయి. వయసు తేడా అని మనం రాసుకున్నది నిజానికి ఆడ మగ తేడా అయితే పని మొత్తం వృథా. సంస్థలోని జంతు నైతిక సమితి అనుమతి పత్రం చేతికి వచ్చాకే మొదటి పంజరం తెరిచాము.

వృద్ధ జట్టు చిట్టెలుకలు నేను ఈ ప్రయోగశాలలో చేరకముందే పుట్టాయి. వాటిని రెండేళ్లపాటు మేపి, పంజరాలు మార్చి, జబ్బు పడినవాటిని వేరుచేసి కాపాడిన జంతుశాల సిబ్బంది శ్రమే ఈ ప్రాజెక్టుకు పునాది అని ఇక్కడ రాసి ఉంచాలి. అంత వయసు వచ్చిన ఈ జాతి చిట్టెలుకల్లో లింఫోమా (రోగనిరోధక కణాల క్యాన్సర్), చర్మపు పుండ్లు తరచుగా కనిపిస్తాయి. కాబట్టి ఉబ్బిన ప్లీహం, కాలేయంలో గడ్డలు, మానని పుండు వీటిలో ఏది ఉన్నా ఆ జంతువును లెక్కలోంచి తప్పించాలన్న నియమాన్ని కొలతలు మొదలుకాకముందే రాతపూర్వకంగా పెట్టుకున్నాము. ఫలితం చూశాక తప్పించే జంతువుకూ, ముందే నియమం పెట్టుకుని తప్పించే జంతువుకూ చాలా తేడా ఉంది. అయినా ఒక పరిమితి మిగిలే ఉంటుంది: 24 నెలలు ఆరోగ్యంగా బతికిన చిట్టెలుకలు ఆ తరంలో గట్టివి మాత్రమే, అంటే మనం చూసే వృద్ధాప్యం కాస్త మెరుగైన వృద్ధాప్యం.

జూన్, మూడో వారం

ఈ వారమంతా థైమస్ పని. రొమ్ము ఎముక వెనుక, గుండెకు పైభాగాన ఉండే ఈ రెండు లంబికల అవయవంలోనే టి కణాలు తయారవుతాయి. ఎముక మజ్జలో పుట్టిన పూర్వకణాలు రక్తం ద్వారా ఇక్కడికి చేరి, శత్రువును గుర్తించే గ్రాహకాన్ని తొడుక్కుని, సొంత శరీరం మీదే దాడి చేసేవి ఏరివేతకు గురయ్యాక, మిగిలిన కొద్ది భాగం మాత్రమే బయటకు వెళుతుంది. 1961లో లండన్‌లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన చిట్టెలుకల నుంచి థైమస్‌ను తొలగించి, అవి అంటురోగాలను తట్టుకోలేకపోవడాన్నీ, పరాయి చర్మపు అతుకును నిరాకరించలేకపోవడాన్నీ చూపించేదాకా దీనికి చెప్పుకోదగ్గ పని ఉందని ఎవరూ గట్టిగా అనలేదు.

యువ చిట్టెలుకలో థైమస్‌ను తీయడం సులువు. పక్కటెముకలు తెరవగానే తెల్లగా, నిండుగా కనిపిస్తుంది. 24 నెలల చిట్టెలుకలో దాన్ని వెతకాలి. కొవ్వు మధ్యలో పలుచని పొరలా మిగిలి ఉంటుంది. అసలు చిక్కు ఏమిటంటే, దాని పక్కనే చిన్న శోషరస గ్రంథులు ఉంటాయి. యువ జంతువులో అవి థైమస్ ముందు చిన్నవిగా తేలిపోతాయి. వృద్ధ జంతువులో మాత్రం థైమస్ కన్నా అవే గుండ్రంగా, స్పష్టంగా కనిపించి చేతికి దొరుకుతాయి. వాటిని థైమస్ అనుకుని నలిపి కణాలు లెక్కిస్తే, వృద్ధ థైమస్‌లో పరిపక్వ టి కణాలు, యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు పెరిగిపోయాయన్న తప్పుడు నిర్ణయానికి వస్తాము. అందుకే ప్రతి అవయవాన్నీ విచ్ఛేదన సూక్ష్మదర్శిని కింద పెట్టి, చుట్టూ ఉన్న కొవ్వునూ గ్రంథులనూ సన్నని చిమటాలతో విడదీశాకే తూకం వేశాను. దీనికి తోడు, కణాలపై గుర్తులను లేజర్ కాంతితో చదివే ఫ్లో సైటోమీటర్‌లో మరొక తనిఖీ పెట్టుకున్నాను. కణం ఉపరితలంపై ఉండే ప్రోటీన్ గుర్తులైన (వీటి పేర్లు ‘సీడీ’తో మొదలవుతాయి) సీడీ4, సీడీ8 రెండూ ఒకేసారి ధరించిన అపరిపక్వ కణాలు థైమస్‌లోనే పెద్ద ఎత్తున ఉంటాయి, శోషరస గ్రంథిలో ఉండవు. నమూనాలో ఈ జంట గుర్తు గల కణాల వాటా పడిపోయి, సీడీ19 గల బి కణాలు గుంపుగా కనిపిస్తే గ్రంథి కలిసిందేమోనని అనుమానించాలి. అయితే వయసుతో థైమస్ లోపల కూడా బి కణాలు కొంత పెరుగుతాయన్నది నిజమే కనుక, ఈ ఒక్క గుర్తుతోనే నమూనాను పారేయకూడదు. రెండు గుర్తులూ కలిసి చెప్పినప్పుడే పక్కన పెట్టాలి. ఈ భాగాన్ని ఇంత వివరంగా రాయడానికి కారణం, తర్వాత ఈ పని చేపట్టే వాళ్లు ముందుగా నేర్చుకోవలసింది యంత్రం నడపడం కాదు, ఈ విచ్ఛేదనమే అని నా గట్టి నమ్మకం.

కణాల లెక్క అనుకున్న దిశలోనే వచ్చింది. యువ చిట్టెలుక థైమస్‌లో సాధారణంగా 10 నుంచి 20 కోట్ల కణాలు ఉంటాయి. వృద్ధ జట్టులో అందులో పదో వంతుకు అటూ ఇటూగా మిగిలాయి. మధ్య జట్టు కూడా యువ జట్టుకు దగ్గరగా లేదు, వృద్ధ జట్టు వైపే ఒరిగింది. థైమస్ క్షీణత ముసలితనంలో మొదలయ్యేది కాదు. చిట్టెలుకలో నాలుగు నుంచి ఆరు వారాల వయసులో అది గరిష్ఠ పరిమాణానికి చేరి, ఆ తర్వాత దిగజారడం మొదలవుతుంది. మనిషిలోనైతే జీవితపు తొలి ఏడాది నుంచే థైమస్‌లోని పనిచేసే భాగం తగ్గుతూ వస్తుందనీ, మధ్య వయసు దాకా ఏటా సుమారు 3 శాతం, ఆ తర్వాత ఏటా 1 శాతం లోపు చొప్పున కోల్పోతుందనీ కణజాల అధ్యయనాలు చెబుతున్నాయి.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం సంఖ్య కాదు, పాళ్లు. ఇంతగా కుంచించుకుపోయిన థైమస్‌లో కూడా జంట గుర్తు గల అపరిపక్వ కణాలు, సీడీ4 మాత్రమే గలవి, సీడీ8 మాత్రమే గలవి ఇంచుమించు యువ జట్టులో ఉన్న నిష్పత్తిలోనే ఉన్నాయి. తొలి దశ కణాల్లో కొంత తేడా ఉన్నా, పెద్ద బొమ్మ మారలేదు. టి కణం తయారయ్యే క్రమం చెడిపోలేదు, ఆ క్రమం జరిగే చోటు చిన్నదైపోయింది. ఇది ఇదివరకటి పరిశోధనలతో కూడా సరిపోతుంది. యువ జంతువు మజ్జను వృద్ధ జంతువులోకి ఎక్కించినా థైమస్ తిరిగి పాత పరిమాణానికి పెరగదు. అంటే లోపం వచ్చి చేరే పూర్వకణాలలోనే లేదు, వాటిని పెంచే ఎపిథీలియల్ కణాల అల్లికలో ఉంది. ఆ అల్లికను నిలబెట్టే జన్యువు ఫాక్స్‌ఎన్1. ఎడిన్‌బరోలో క్లేర్ బ్లాక్‌బర్న్ బృందం 2014లో వృద్ధ చిట్టెలుకల థైమస్‌లో ఈ ఒక్క జన్యువు పనిని పెంచి, అవయవం తిరిగి పెరిగేలా చేయగలిగింది.

జూలై, రెండో వారం

రక్తాన్ని వడగట్టే, రోగనిరోధక కణాలు నిలిచి ఉండే ప్లీహం దగ్గరకు వచ్చేసరికి కథ తిరగబడింది. ప్లీహాన్ని 70 మైక్రాన్ల జల్లెడ మీద నలిపి, ఎర్ర రక్తకణాలను కరిగించి, మిగిలినవాటిని లెక్కిస్తే యువ జట్టుకూ వృద్ధ జట్టుకూ మొత్తం కణాల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇక్కడితో ఆగితే వయసు ప్రభావం ఏమీ లేదనే రాయాల్సి వస్తుంది. కానీ టి కణాలను సీడీ44, సీడీ62ఎల్ గుర్తులతో విడదీస్తే బొమ్మ పూర్తిగా వేరు. ఇంకా ఏ శత్రువునూ చూడని కొత్త కణాల మీద సీడీ44 తక్కువగా, సీడీ62ఎల్ ఎక్కువగా ఉంటుంది. వాటినే నైవ్ కణాలంటారు. యువ జట్టులో టి కణాల్లో ఎక్కువ భాగం ఇవే. వృద్ధ జట్టులో ఇవి అల్పసంఖ్యగా మారి, ఆ జాగాను సీడీ44 ఎక్కువగా గల జ్ఞాపక కణాలు (ఇదివరకు ఎదురైన శత్రువును గుర్తుంచుకునేవి) ఆక్రమించాయి. సీడీ8 కణాల్లో ఈ మార్పు మరింత తీవ్రం.

గాదె నిండుగానే ఉంది, కానీ అందులో విత్తనానికి పనికివచ్చే గింజ తగ్గిపోయింది. ఎన్నడూ చూడని వైరస్ వచ్చినప్పుడు దాన్ని పట్టగల గ్రాహకం నైవ్ కణాల్లోనే ఉండే అవకాశం ఎక్కువ. ఆ కొత్త గ్రాహకాల వైవిధ్యం తగ్గితే మొత్తం సంఖ్య ఎంత ఉన్నా లాభం లేదు.

మరొక విషయం. వృద్ధ జట్టులో జ్ఞాపక కణాలుగా కనిపిస్తున్న సీడీ8 కణాలన్నీ నిజంగా శత్రువును చూసినవి కావు. శుభ్రమైన వాతావరణంలో పెరిగిన ఈ చిట్టెలుకలకు అన్ని రోగాలు ఎక్కడ సోకుతాయి? సీడీ49డీ అనే గుర్తుతో చూస్తే వీటిలో పెద్ద భాగం ఆ గుర్తు తక్కువగా గలవి. అంటే ఏ రోగకారకం ఎదురుపడకుండానే, ఖాళీ జాగాలో వృద్ధి సంకేతాలకు స్పందించి జ్ఞాపక కణాల రూపం తొడుక్కున్నవి. కొత్త కణాల సరఫరా తగ్గినప్పుడు ఉన్నవే విభజన చెంది ఖాళీని పూరించుకుంటాయి, ఆ పూరించుకునే క్రమంలోనే వాటి స్వభావం మారుతుంది. థైమస్‌లో చూసిన కొరతకూ, ప్లీహంలో చూసిన కూర్పు మార్పుకూ మధ్య లంకె ఇదేనని నా అంచనా.

వృద్ధ కణజాలంతో పనిచేసేటప్పుడు ఒక జాగ్రత్త. వయసుతో పేరుకునే లైపోఫుసిన్ వంటి పదార్థాల వల్ల కొన్ని కణాలు, ముఖ్యంగా సూక్ష్మజీవులను మింగే మాక్రోఫేజ్‌లు, ఏ రంగూ వేయకుండానే వెలుగుతాయి. రంగు వేయని నమూనానూ, ఒక్కో రంగు తగ్గించి వేసిన నమూనానూ ప్రతి వయసు జట్టుకూ విడిగా పెట్టాలి. యువ జట్టు నమూనాతో గీసుకున్న గీతను వృద్ధ జట్టుకు వాడితే లేని కణాలు ఉన్నట్టు కనిపిస్తాయి. చనిపోయిన కణాలను గుర్తించే రంగు తప్పనిసరి.

ఆగస్టు, మొదటి వారం

తొడ ఎముక, కాలి ఎముకల నుంచి మజ్జను సిరంజితో కడిగి తీశాము. ఇక్కడ మూడో రకం ఫలితం ఎదురైంది. రక్తకణాలన్నింటికీ మూలమైన మూలకణాలు వృద్ధ జట్టులో తగ్గలేదు, పెరిగాయి. ఈ జాతి చిట్టెలుకల్లో వయసుతో మూలకణాల గుర్తులు గల కణాలు పలు రెట్లు పెరుగుతాయన్నది ప్రపంచంలోని చాలా ప్రయోగశాలల్లో నిర్ధారణ అయిన విషయమే కనుక ఆశ్చర్యపోలేదు. అన్ని జాతుల్లోనూ ఇలా జరగదని, డీబీఏ2 అనే జాతిలో ఇందుకు భిన్నంగా ఉంటుందని కూడా గుర్తుపెట్టుకోవాలి.

సంఖ్య పెరిగితే శక్తి పెరగాలి కదా అనిపిస్తుంది. కానీ ఒక్కో మూలకణాన్నీ యువ జంతువులోకి ఎక్కించి పోటీ పెట్టిన ప్రయోగాల్లో, వృద్ధ మూలకణం యువ మూలకణం కన్నా తక్కువ రక్తాన్నే నిర్మించగలిగింది. అంతకన్నా ముఖ్యమైనది దాని మొగ్గు. యువ మూలకణాల్లో కొన్ని లింఫోసైట్ల (టి, బి కణాల వంటివాటి) వైపు, కొన్ని న్యూట్రోఫిల్, మోనోసైట్ వంటి మైలాయిడ్ కణాల వైపు మొగ్గి సమతూకంలో ఉంటాయి. వయసుతో సీడీ150 ఎక్కువగా గల, మైలాయిడ్ వైపు మొగ్గే మూలకణాల వాటా పెరుగుతుంది. మా నమూనాల్లో కూడా సీడీ150 వెలుగు వృద్ధ జట్టులో స్పష్టంగా కుడివైపుకు జరిగింది. లింఫోసైట్లకు దారితీసే ఉమ్మడి పూర్వకణాలు, బి కణాల తొలి దశలైన ప్రో-బి, ప్రీ-బి కణాలు తగ్గాయి.

ఈ మొగ్గు తిరిగి సరిదిద్దగలదేనా అన్న ప్రశ్నకు 2024లో స్టాన్‌ఫర్డ్‌లో ఇర్వింగ్ వైస్‌మన్ బృందం ఒక దారి చూపింది. మైలాయిడ్ మొగ్గు గల మూలకణాలను గుర్తించే యాంటీబాడీలతో వాటిని వృద్ధ చిట్టెలుకల్లోంచి తొలగిస్తే, లింఫోసైట్ పూర్వకణాలు, నైవ్ కణాలు పెరిగి, వైరస్ సంక్రమణకు స్పందన మెరుగైంది. మిగిలిన మూలకణాలు పూర్తిగా పనికిరానివి కావని, వాటిని మైలాయిడ్ మొగ్గు గలవి కప్పేస్తున్నాయని దీని అర్థం.

ఆగస్టు, నాలుగో వారం

బి కణాల విషయం కొద్దిగా. మజ్జలో తయారీ తగ్గినా ప్లీహంలో బి కణాల మొత్తం సంఖ్య పెద్దగా పడిపోలేదు. టి కణాల్లో చూసిన తీరే ఇక్కడా కనిపించింది. వయసుతో పాటు సీడీ11సీ, టీ-బెట్ గుర్తులు గల ఒక ప్రత్యేక బి కణాల గుంపు చేరుతుంది. 2011లో రెండు బృందాలు వేర్వేరుగా దీన్ని వర్ణించాయి. వృద్ధ జట్టులో, ముఖ్యంగా ఆడ చిట్టెలుకల్లో, ఈ గుంపు స్పష్టంగా వచ్చింది. ఆటోఇమ్యూన్ జబ్బుల్లో కూడా ఇలాంటి కణాలే కనిపిస్తాయి కాబట్టి దీన్ని విడిగా కొనసాగించాలనిపిస్తోంది, కానీ ఈ ప్రాజెక్టు పరిధిలో కాదు.

సెప్టెంబరు, రెండో వారం

ఇంతవరకు లెక్కించాము. ఇక పని పరీక్ష. మొత్తం టి కణాలను తీసుకుని సీడీ3, సీడీ28 యాంటీబాడీలతో ప్రేరేపించి యువ, వృద్ధ జట్లను పోల్చడం సులువైన పద్ధతే, చాలా చోట్ల అలాగే చేస్తారు. కానీ జూలైలో చూసినదాని ప్రకారం ఆ రెండు పాత్రల్లో ఉన్నది ఒకే రకం కణాలు కావు. ఒకదానిలో నైవ్ కణాలు ఎక్కువ, రెండోదానిలో జ్ఞాపక కణాలు ఎక్కువ. ఫలితంలో తేడా వస్తే అది కూర్పు తేడా కావచ్చు, కణం ముసలిదవడం కాకపోవచ్చు. వృద్ధ జట్టులో ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రోటీన్ ఎక్కువగా రావడాన్ని బలానికి గుర్తుగా తీసుకోవడం ఇలాంటి పొరపాటుకే దారితీస్తుంది; జ్ఞాపక కణాలు ఎక్కువున్నచోట అది ఎక్కువే వస్తుంది. అందుకని గుర్తులను బట్టి కణాలను విడదీసే సార్టర్‌లో నైవ్ సీడీ4 కణాలను మాత్రమే వేరుచేసి, సమాన సంఖ్యలో పాత్రల్లో వేసి, సీఎఫ్‌ఎస్‌ఈ రంగు పట్టించి 72 గంటలు పెంచాము. కణం విభజన చెందిన ప్రతిసారీ ఆ రంగు సగమవుతుంది కాబట్టి ఎన్ని తరాలు నడిచాయో వెలుగును బట్టి చదవవచ్చు.

ఇంత జాగ్రత్తగా సమానం చేశాక కూడా తేడా మిగిలింది. వృద్ధ జట్టు నైవ్ కణాల్లో విభజన మొదలుపెట్టనివి ఎక్కువ, మొదలుపెట్టినవి కూడా తక్కువ తరాలకే ఆగాయి, టి కణాల విభజనను ప్రోత్సహించే ఐఎల్-2 అనే సంకేత ప్రోటీన్ స్రావం తగ్గింది. పక్క పాత్రలో బయటి నుంచి ఐఎల్-2 కలిపితే విభజన కొంతవరకు కోలుకుంది. అంటే లోపం కొంత సంకేతం అందుకోవడంలో, కొంత సొంతంగా ఐఎల్-2 తయారుచేసుకోవడంలో ఉంది. ముసలి సీడీ4 కణం ఎదుటి కణంతో కలిసే చోట, గ్రాహకాలూ సంకేత ప్రోటీన్లూ కూడుకునే అమరిక సరిగా ఏర్పడదన్నది పూర్వం నుంచి తెలిసిన అంశం. మా ఫలితం దానికి అనుగుణంగానే ఉంది.

ఇక్కడ ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. ముసలిది జంతువా, కణమా? వృద్ధ శరీరంలో ఉన్న నైవ్ కణం ఎప్పుడు పుట్టింది? థైమస్ నుంచి కొత్తవి రావడం తగ్గితే ఉన్నవి ఎక్కువకాలం తిరుగుతూ ఉండాలి. 2005లో లారా హేన్స్ బృందం చేసిన ప్రయోగం నాకు ఈ రంగంలోనే చాలా అందమైన ప్రయోగాల్లో ఒకటిగా తోస్తుంది. వృద్ధ చిట్టెలుకల్లోని పాత సీడీ4 కణాలను తొలగించి, కొత్తవి పుట్టేలా చేస్తే, ముసలి శరీరంలోనే పుట్టిన ఆ తాజా కణాలు యువ కణాలకు దీటుగా విభజన చెంది, ఐఎల్-2 తయారుచేశాయి. కాబట్టి జూన్‌లో థైమస్ దగ్గర చూసిన కొరతే, నెలల తరబడి తిరిగిన కణాల ద్వారా, సెప్టెంబరులో పాత్రలో చూసిన మందకొడితనంగా బయటపడుతోందని భావించడానికి ఆధారం ఉంది. తయారీ, పని అని మొదటి వారంలో విడదీసి రాసుకున్న రెండు ప్రశ్నలూ ఇక్కడ ఒకదానిలోకి ఒకటి ప్రవేశిస్తున్నాయి.

సెప్టెంబరు, చివరి వారం

రక్తరసంలో ఐఎల్-6, టీఎన్ఎఫ్ అనే వాపు సంకేత ప్రోటీన్లను కొలిచాము. వృద్ధ జట్టులో రెండూ ఎక్కువే, కానీ జంతువుకూ జంతువుకూ మధ్య తేడా చాలా పెద్దది. ఏ రోగమూ లేకుండా చిన్న మంటలా సాగే ఈ స్థితికి 2000లో క్లాడియో ఫ్రాంచెస్కి ఇన్‌ఫ్లమేజింగ్ అన్న పేరు పెట్టారు. సగటు మాత్రమే చూపకుండా ప్రతి జంతువునూ ఒక్కో చుక్కగా గ్రాఫులో చూపాలని నిర్ణయించాము. వృద్ధాప్యంలో సగటు కన్నా చెదురుమదురుతనమే ఎక్కువ సమాచారం ఇస్తుంది. పొత్తికడుపు నుంచి తీసిన మాక్రోఫేజ్‌లు వృద్ధ జట్టులో బ్యాక్టీరియా కణాలను తక్కువగా మింగాయి. ఈ భాగంలో ఇంతకుమించి చెప్పేంత పని జరగలేదు.

అక్టోబరు

ఈ నెల ప్రయోగాలు తక్కువ, చదువు ఎక్కువ. మా చిట్టెలుకల్లో చూసినది మనిషికి ఎంతవరకు వర్తిస్తుందో నివేదికలో నిజాయతీగా రాయాలి.

మొదటి హెచ్చరిక థైమస్ గురించే. 2012లో నెదర్లాండ్స్ పరిశోధకులు భారజలంతో కణాల ఆయుష్షును కొలిచి, చిట్టెలుకలో జీవితమంతా నైవ్ టి కణాలకు దాదాపు ఏకైక ఆధారం థైమసేననీ, వయోజనుడైన మనిషిలో మాత్రం ఉన్న నైవ్ కణాలు రక్తంలో, శోషరస గ్రంథుల్లో విభజన చెందడమే ప్రధాన ఆధారమనీ చూపారు. కాబట్టి ‘థైమస్ తగ్గింది, అందువల్ల నైవ్ కణాలు తగ్గాయి’ అన్న మా వాక్యాన్ని మనిషికి అలాగే తీసుకెళ్లి అతికించకూడదు. అలాగని వయోజనుల్లో థైమస్ అక్కరలేనిదని కూడా అనలేము. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ పరిశోధకులు 2023లో ప్రచురించిన అధ్యయనంలో, థైమస్‌ను తొలగించిన వయోజనుల్లో ఐదేళ్లలో మరణించినవారు 8.1 శాతం కాగా, అలాంటి శస్త్రచికిత్సే జరిగినా థైమస్‌ను ఉంచిన వారిలో 2.8 శాతం, క్యాన్సర్ 7.4 శాతం, 3.7 శాతం. ఇది పరిశీలన మాత్రమే, యాదృచ్ఛిక ప్రయోగం కాదు. అయినా అక్కరలేని అవయవమని గుండె శస్త్రచికిత్సలో దాన్ని తేలిగ్గా తీసేసే పద్ధతిని మళ్లీ ఆలోచించుకోవాలని నా అభిప్రాయం.

మూలకణాల సంగతి మనిషిలో మరోలా బయటపడుతుంది. 2022లో కేంబ్రిడ్జి పరిశోధకులు ఒక్కో రక్త మూలకణం నుంచి పెంచిన కాలనీల జన్యుక్రమాన్ని చదివి, 65 ఏళ్ల లోపు వారిలో 20 వేల నుంచి 2 లక్షల మూలకణాలు రక్తనిర్మాణంలో పాలుపంచుకుంటుండగా, 75 దాటినవారిలో 30 నుంచి 60 శాతం రక్తం 12 నుంచి 18 క్లోన్ల (ఒక్కో మూలకణం సంతతి గుంపుల) నుంచే వస్తోందని చూపారు. డీఎన్ఎంటీ3ఏ, టెట్2 వంటి జన్యువుల్లో మార్పు వచ్చిన మూలకణాలు మిగిలినవాటిని మించి పెరగడం ఇందులో ఒక భాగం. ఇలాంటి క్లోన్లు 70 ఏళ్లు దాటినవారిలో 10 శాతానికి పైగా కనిపిస్తాయనీ, గుండెజబ్బుల ముప్పుతో వీటికి సంబంధం ఉందనీ ఇప్పటికే రుజువైంది. రెండు మూడేళ్లు మాత్రమే బతికే చిట్టెలుకలో ఈ క్లోన్ల చరిత్ర ఇంత దూరం నడవదు.

మూడో హెచ్చరిక సూక్ష్మజీవుల గురించి. మా చిట్టెలుకలు రోగకారకాలు లేని గదుల్లో పెరిగాయి. మనిషి అలా పెరగడు. సైటోమెగలో వైరస్ మన దేశంలో వయోజనుల్లో అత్యధికులకు సోకి, శరీరంలోనే ఉండిపోతుంది. దాన్ని అదుపులో ఉంచడానికి సీడీ8 జ్ఞాపక కణాల్లో పెద్ద వాటా ఖర్చవుతుంది. ఆ వైరస్ అంతగా లేని దేశాల్లో చేసిన వృద్ధాప్య అధ్యయనాల అంకెలను తెచ్చి ఇక్కడి పెద్దలకు కొలబద్దగా వాడటం సరికాదు. మన పెద్దల రక్తంతోనే అధ్యయనాలు జరగాలి. కొవిడ్ కాలంలో చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ 60 నుంచి 80 ఏళ్లవారికి బీసీజీ టీకా ఇచ్చి, వారి రక్తంలో టి, బి జ్ఞాపక కణాలు, యాంటీబాడీలు పెరగడాన్నీ, మరో పత్రంలో వాపు సంకేతాలు తగ్గడాన్నీ చూపింది. పుట్టగానే పసిబిడ్డకు వేసే టీకాతో ముసలి నిరోధక వ్యవస్థను పరీక్షించిన ఆ పని వంటివి ఇంకా చాలా కావాలి.

టీకాల్లో ఇప్పటికే ఉన్న ఉదాహరణలు మా పాత్రలోని ఫలితానికి వైద్యపరమైన రూపంలా తోస్తాయి. 65 దాటినవారి కోసం తయారైన హైడోస్ ఫ్లూ టీకాలో ఒక్కో రకానికి 15 మైక్రోగ్రాములకు బదులు 60 మైక్రోగ్రాముల యాంటిజెన్ ఉంటుంది. అక్కి రాకుండా ఇచ్చే టీకాల్లో, బలహీనపరచిన సజీవ వైరస్‌తో చేసిన పాత టీకా 60 దాటినవారిలో 51 శాతం రక్షణ ఇస్తే, ఏఎస్01బి అనే ప్రేరకం కలిపిన కొత్త టీకా 70 దాటినవారిలో కూడా దాదాపు 90 శాతం రక్షణ ఇచ్చింది. ఈ రెండో అంకె నాకు చాలా విలువైనది. అక్కి తెచ్చేది చిన్నప్పుడు సోకిన ఆటలమ్మ (చికెన్‌పాక్స్) వైరసే కనుక, ఇక్కడ పిలుపు వెళ్లేది నైవ్ కణాలకు కాదు, ఇదివరకే ఉన్న జ్ఞాపక కణాలకు. వాటికి తగినంత గట్టి సంకేతం ఇస్తే 70 ఏళ్ల శరీరమూ లేచి స్పందిస్తుంది. ఎన్నడూ చూడని వైరస్‌కు ఇదే స్థాయి స్పందన వస్తుందని దీన్నిబట్టి ఆశించలేము.

నవంబరు, మొదటి వారం

కణజాల పలకలు వచ్చాయి. కెరాటిన్ 8, కెరాటిన్ 5 రంగులతో చూస్తే యువ థైమస్‌లో వల్కలం (బయటి భాగం), దవ్వ (లోపలి భాగం) మధ్య సరిహద్దు గీత గీసినట్టుంది; వృద్ధ థైమస్‌లో వల్కలం పలచబడి, సరిహద్దు చెదిరి, అక్కడక్కడ ఎపిథీలియల్ కణాలే లేని ఖాళీలు కనిపిస్తున్నాయి. లోపం చోటులో ఉందన్న జూన్ నాటి ఆలోచనకు ఇది కంటికి కనిపించే ఆధారం. మధ్య జట్టు పలకలను ఇంకా చదవాలి. క్షీణతలో మలుపు ఎక్కడుందో చెప్పగలిగేది అవే.

నివేదికలో ఫలితాలను అవయవాల వారీగా కాకుండా మూడు కొలతల వారీగా పేర్చమని గైడ్ గారు సూచించారు: థైమస్‌లో సంఖ్య పడిపోయి పాళ్లు నిలిచాయి, ప్లీహంలో సంఖ్య నిలిచి పాళ్లు మారాయి, మజ్జలో మూలకణాల సంఖ్య పెరిగినా వాటి మొగ్గు లింఫోసైట్ల నుంచి పక్కకు జరిగింది. ఒక్క కొలతతో ఏ అవయవం గురించీ తీర్పు చెప్పకూడదన్నది పట్టిక చూడగానే అర్థం కావాలి.

తదుపరి ప్రయోగానికి అనుమతి దరఖాస్తు రాస్తున్నాను. వృద్ధ చిట్టెలుకల్లో సీడీ4 కణాలను యాంటీబాడీతో తొలగించి, తిరిగి పుట్టినవాటిని నైవ్ గుర్తులతో వేరుచేసి, సెప్టెంబరులో వాడిన పద్ధతిలోనే విభజన, ఐఎల్-2 కొలవాలి. దీనికి తోడు, అదే వయసు జంతువుల్లో తొలగింపు జరగని పాత కణాలను పక్కన పెట్టి, రెండింటిలో గ్రాహక సంకేతాల తొలి నిమిషాలను పోల్చాలి. అంత చిన్న థైమస్ నుంచి కొత్త కణాలు తగినన్ని రావడానికి వారాలు పడుతుంది, ఆలోగా వృద్ధ జంతువుల్లో కొన్ని సహజంగానే చనిపోతాయి. కాబట్టి అవసరమైన దానికన్నా పెద్ద జట్టుతో మొదలుపెట్టాలని దరఖాస్తులో కారణంతో సహా రాశాను. జంతుశాలలో 20 నెలలు నిండిన పంజరాల జాబితా సోమవారం అందుతుంది.